తాత బిగించిన నట్టు

మా తమ్ముని భార్య ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక దులిపిందట. "వదినా, అవ్వది ఇత్తడి భరిణె దొరికింది. మూత వస్తలేదు. నీకేమన్న పనికొస్తదా?" అని జనగామ నుంచి ఫోన్ చేసింది. మూత రాని భరిణె ఎవరికి పనికొస్తుందే తల్లీ అని అడగాలనిపించింది గానీ, అవ్వది అనేసరికి పంపమన్నాను. అవ్వ అంటే మా నాయనమ్మ. భరిణె చేతికొచ్చాక రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. వేడినీళ్ళలో పెట్టాను, కొబ్బరినూనె పోశాను, తలుపు సందులో ఇరికించి తిప్పాను, ఈ వయసులో తిట్టకూడని తిట్లన్నీ తిట్టాను. మూడోనాడు ఊరికే ముట్టుకుంటే ఊడొచ్చింది. లోపల ఉన్నది కారు చక్రానికి వేసే నట్టు. మూలలు అరిగిపోయి, ఎర్రగా, పెచ్చులు పెచ్చులుగా ఉంది. తుప్పు పట్టిందనుకుని చింతపండు నానబెట్టి తోమబోయాను. ఒక్క రుద్దు రుద్ది ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే ముందు మా తాత సంగతి చెప్పాలి.

తాతది జనగామలో చింతపండు, బెల్లం టోకు దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు ఎన్నడూ మూసిన పాపాన పోలేదు. అందుకని మా ఇంట్లో పరుపులు, పుస్తకాలు, చివరికి దేవుడి గది కూడా చింతపండు వాసనే వేసేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు పాఠం మధ్యలో ఊరికే గుటకలు మింగుతుండేవాళ్ళు. తాత తెల్లవారకముందే లేచి, చన్నీళ్ళ స్నానం చేసి, దుకాణం తీసేముందు కారు దగ్గరికి వెళ్ళేవాడు. పాలకుర్తి వైపు ఒక దొర అమ్ముకుంటే కొన్న నల్ల కారు అది. నెలకొకసారి కదిలితే గొప్ప. ఎక్కడో లారీ చక్రం ఊడి, లారీకంటే ముందు అదే ఊళ్ళోకి చేరిందని ఎవరో చెప్పిన నాటి నుంచి తాతకు చక్రాల మీద నమ్మకం పోయింది. చక్రానికి అయిదు చొప్పున ఇరవై నట్లనూ రోజూ పానాతో ఇంకో పిసరు బిగించేవాడు. "నిన్ననే బిగిస్తివి గద తాతా" అంటే, "నిన్నటిది నిన్నటికే బిడ్డా. జర బిగిస్తే మన సొమ్మేం పోతది?" అనేవాడు. కదలని కారుకు చక్రాలు ఊడతాయని భయపడ్డ మనిషిని డెబ్బై దాటిన నా బతుకులో ఇంకొకరిని చూడలేదు.

ఆ పానా కూడా ఆ కారుది కాదు. కారుతో వచ్చిన అసలు పానాను మా అమ్మ తండ్రి, అంటే తాతకు వియ్యంకుడు, ఒక్క పూట కోసమని మానుకోటకు పట్టుకుపోయాడు. మహబూబాబాదును మేం మానుకోట అనే అంటాం. ఆ ఒక్క పూట ఏడేళ్ళయినా గడవలేదు. తిరిగి అడగొచ్చు కదా అంటే మా ఇంట్లో పిడుగు పడ్డట్టే. "వియ్యంకుణ్ణి పానా అడుగుతరా ఎవరన్న? నలుగురు ఇంటే మొకం మీద ఉమ్మరా?" అని తాత చిందులు తొక్కేవాడు. ఆడపిల్లను తెచ్చుకున్న ఇంటిని ఇచ్చిన వస్తువు అడగడం మా వాళ్ళలో చాలా తప్పు. పండగకు మానుకోట వెళ్తే వాళ్ళ వరండాలో మేకుకు మా పానా వేలాడుతూ కనబడేది. అందరం దాన్ని చూసీ చూడనట్టు టీ తాగి వచ్చేవాళ్ళం. దానికి బదులు తాత ఒక లారీ పానా సంపాదించాడు. అది మా నట్లకు ఒదులు. సుతిలి తాడు చుట్టి, గుడ్డపేలిక దూర్చి, ఎట్లాగో పట్టించి బిగించేవాడు. కారు గోడవారగా నిలబెట్టేవాళ్ళు కాబట్టి గోడవైపు చక్రాలకు పానా సరిగా కూర్చునేది కాదు. అయినా వదిలేవాడా? వంకరగానే పెట్టి బలమంతా వేసేవాడు. ఆ వైపు నట్ల మూలలు ఏడాదికేడాది గుండ్రమవుతూ వచ్చాయి.

ఇక అవ్వ. శుక్రవారం పొద్దున గడప కడిగి పసుపు రాసి కుంకుమ పెట్టాక, ఆ చెంబు పట్టుకుని కారు దగ్గరికి వచ్చేది. నట్లన్నిటి మీద నీళ్ళు చల్లి, పసుపు రాసి, ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెట్టేది. గోడవైపు ఎవరి చెయ్యీ దూరేది కాదు గానీ అవ్వది వెదురుపుల్లలాంటి చెయ్యి, అక్కడా పెట్టేది. కారుకు ముందు అద్దం మీద పెడితే చాలదా అంటే, "నడిచేటియి కాళ్ళు గద, మొకం నడుస్తదా?" అని నా నోరే మూయించేది. అట్లా ఏళ్ళ తరబడి ఆయన బిగిస్తూ వచ్చాడు, ఆమె తడుపుతూ వచ్చింది. ఇద్దరిలో ఎవరికీ మరో ఆలోచన రాలేదు.

తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్ళకు ఊళ్ళు కదిలిన ఏడాది తాత పోయాడు. ఉద్యమంతో ఆయనకేం సంబంధం లేదు. "రాష్ట్రమొస్తే చింతపండు ధర పెరుగుతదా, తరుగుతదా? గది చెప్పుండ్రి ముందు" అని చందాకొచ్చిన విద్యార్థులను అడిగినవాడు. పండగనాడు బెల్లం పూర్ణం పోలెలు పదకొండు తిని, పన్నెండోది చేతిలో పట్టుకుని పడిపోయాడు. అస్థికలు గంగలో, అంటే కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలపమని ఎప్పుడో అవ్వ దగ్గర మాట తీసుకున్నాడట. పదోరోజు లోపలే వెళ్ళాలి. వెళ్తే కదా? ఇయ్యాల బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి కాల్పులు జరిగాయని మళ్ళీ బంద్. రెండుసార్లు బయల్దేరి హనుమకొండ కూడా దాటకుండా తిరిగొచ్చాం. అస్థికల కుండ ఇంట్లోకి తేకూడదు, నేల మీద పెట్టకూడదు. పెరట్లో నేరేడు కొమ్మకు వేలాడదీశారు. మూడు నెలలు తాత అట్లా గాలికి ఊగుతూ ఉన్నాడు. ఈసారి కూడా కాకపోతే ఊరి చెరువులో కలిపెయ్యాల్సిందేనని పురోహితుడు తేల్చేశాడు. అవ్వకు అన్నం సయించలేదు. "నేనూ వస్త" అంది. ముండమోసిన మనిషి గంగకు పోవడమేమిటని చుట్టాలందరూ లేచారు. "యాభై ఏండ్లు ఆయన వెనక తిరిగిన. ఆఖరుకు గీ నాలుగడుగులు పోతే మీదేం పోయింది?" అని కొంగు నెత్తిన కప్పుకుని కార్లో కూర్చుంది.

మా నాయన కారు నడిపేవాడు. ఆయన్ను మేం బాపు అనేవాళ్ళం. బాపు నడిపితే కారుకూ ఎడ్ల కచ్చడానికీ వేగంలో పెద్ద తేడా ఉండదు. అవ్వ ఒళ్ళో తాత. అవ్వకు వాంతులు కాకుండా ముక్కు దగ్గర నిమ్మకాయ పట్టుకునే పని నాది. నాకప్పుడు పదహారేళ్ళు, కాలేజీ మూతపడి ఇంట్లో కూర్చున్నాను. జై తెలంగాణ అని గట్టిగా ఒక్కసారైనా అరవాలని గొంతు దురద పెడుతుండేది. పరకాల దాటి, భూపాలపల్లి ఇంకాస్త దూరం ఉందనగా, రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. అప్పటికింకా భూపాలపల్లిలో బొగ్గు గనులు లేవు, ఊరంటే నాలుగు గూనపెంకుల ఇళ్ళు, చుట్టూ అడవి. బాపు కంపను చూసి బ్రేకు తొక్కేలోపే, ఇంటి దగ్గర గోడవైపుండే ముందు చక్రం దాని మీదికెక్కి ఉస్సుమంది.

పాతికమంది కుర్రాళ్ళు లేచొచ్చారు. వాళ్ళ నాయకుడి పేరు సమ్మన్న. హనుమకొండలో డిగ్రీ చదువుతూ కాలేజీ మూసేస్తే ఊరికొచ్చినవాడు. చేతిలో ఇనుప గొట్టం, దానికి నల్లజెండా.

"బంద్ అని తెల్వదా? వాపస్ మలుపుండ్రి" అన్నాడు.

"మలుపుదామంటే చక్రం పోయింది నాయనా, మీ ముండ్ల మీదనే" అన్నాడు బాపు, ఏడుపు గొంతుతో.

"లోపల ఎవలున్నరు?"

"మా ఆయన" అని అవ్వ కుండ చూపించింది.

సమ్మన్న తల మీది తువ్వాలు తీసేశాడు. "తప్పైంది అవ్వా. చావుకు, దవాఖానకు బంద్ లేదు. టైరు మార్సుకొని పోండ్రి" అని, జెండా పక్కవాడి చేతికిచ్చి, కార్లో ఊగకుండా తాత కుండను తనే రెండు చేతులా అందుకున్నాడు. నేల మీద పెట్టొద్దని అవ్వ చెప్పింది. పాపం, పెట్టలేదు. ఆ తర్వాత రెండు గంటలు ఆ కుర్రాడు బంద్ నడిపింది మా తాతను చంకన పెట్టుకునే.

బాపు, మరో నలుగురు కలిసి లారీ పానాతో నాలుగు నట్లు ఎట్లాగో ఊడదీశారు. అయిదోది రాలేదు. పానా పెడితే జర్రున జారుతుంది, లాగినవాడు వెల్లకిలా పడతాడు. ఒకడు పడ్డాక ఇంకొకడు "జరుగు, నేను చూస్త" అని వచ్చి పడేవాడు. వరసగా ఎనిమిదిమంది దుమ్ములో పడ్డారు. నాకు నవ్వాగలేదు. బాపు నెత్తిన ఒక్కటి మొట్టాడు. "మీ కారుకు పానా లేదా?" అని ఎవరో అడిగారు. "మానుకోటల ఉన్నది" అని నేను నిజం చెప్పాను. బాపు మళ్ళీ మొట్టాడు.

అంతలో టేకుమట్ల వైపు నుంచి ఒక ఊరేగింపు వచ్చింది. వాళ్ళకు కనబడ్డదేమిటి? నల్లజెండా, దాని కింద కుండ పట్టుకుని నిలబడ్డ విద్యార్థి నాయకుడు, పక్కన కొంగు కప్పుకున్న ముసలమ్మ, తల పట్టుకున్న బాపు. ఆ రోజుల్లో కాల్పుల్లో పోయిన పిల్లల కబురు రాని వారం లేదు. వాళ్ళు వేరే ఏమనుకుంటారు? "పేరేంది?" అని అడిగారు. బాపు భయపడి, కుండ వంక చూసి, "విశ్వనాథం" అన్నాడు. "విశ్వనాథం అమర్ రహే!" అని రెండువందల గొంతులు లేచాయి. పోలెలు తిని పోయిన మా తాత కోసం మగవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను కూడా పిడికిలెత్తి "జై తెలంగాణ" అని అరిచాను, నా దురద తీరింది. బాపుకు మొట్టడానికి చేతులు కూడా రాలేదు. ఎవరో తాత మీద చేమంతిదండ వేశారు. అప్పుడు అవ్వ ముందుకొచ్చి చెయ్యెత్తింది.

"అయ్యా, అబద్ధం నాకొద్దు. మా ఆయన దేనికీ ప్రాణమియ్యలే. పోలెలు తిని పోయిండు."

సమ్మన్న కుండను ఇంకో చంకకు మార్చుకుని, "ఎట్ల పోతేంది అవ్వా, పోయింది మన మనిషే గద. దండ ఉండనీ" అన్నాడు. దండ ఉండిపోయింది.

ఊరేగింపులో ఓదేలు అనే కమ్మరి ఉన్నాడు. నట్టును చూసి నాలుక చప్పరించాడు. "గిది మనిషి బిగిచ్చిందేనా? మూలలు లేవు. రేకుముక్క అడ్డం పెట్టి పానాను సుత్తెతోని కొట్టి దిగ్గొట్టాలె. గొట్టం తొడిగి కాలుతోని తొక్కాలె. వస్తది. కని ఇయ్యాల నేను సుత్తె ముట్ట. బంద్." దాని మీద పంచాయితీ మొదలైంది. చావుకు మినహాయింపు ఉంది గానీ నట్టుకు ఉందా? నట్టు చావులోకి వస్తుందా, కమ్మరి పనిలోకి వస్తుందా? ఒకడు రాదన్నాడు, ఒకడు వస్తుందన్నాడు, ఒకడు చేతులెత్తి ఓట్లు లెక్కపెడదామన్నాడు. చివరికి సమ్మన్న నా చేత ఒక చిట్టీ రాయించాడు, తన చేతుల్లో తాత ఉన్నాడు కాబట్టి: "ఒక్క నట్టు వరకు బంద్ లేదు. ఈ కారులో పెద్దమనిషి ఉన్నాడు. పోనియ్యాలె." కింద అతను సంతకం పెట్టేటప్పుడు కుండ నేను పట్టుకున్నాను. తర్వాత ఇనుప గొట్టం కావాలంటే నల్లజెండాది తప్ప వేరే గొట్టమే లేదు. ఉద్యమం అయ్యేదాకా జెండా దించబోమని ఒట్టు పెట్టుకున్నారట. దించకుండా ఉండేందుకు ఒక పొడుగాటి కుర్రాడు జెండాను చేతుల్తో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు, కింద నుంచి గొట్టం తీసేశారు.

అన్నీ సిద్ధమయ్యాక అవ్వ వెళ్ళి చక్రానికి అడ్డంగా కూర్చుంది. "సుత్తెతోని కొట్టద్దు. కాలు పెట్టద్దు. బొట్టు పెట్టిన" అంది.

ఓదేలు దండం పెట్టాడు. సమ్మన్న బతిమాలాడు. బాపు ఏడ్చేశాడు. "అమ్మా, పొద్దు గుంకితే అస్థికలు కలపరు. ఇయ్యాల తప్పితే ఇగ చెరువే. నీకు దండం పెడత, లే" అన్నాడు. అవ్వ కదల్లేదు. ముసలితనపు మొండితనం అనుకుని నాకు కూడా ఒళ్ళు మండింది. పక్కకు లాగుదామని వంగాను. అప్పుడు నట్టు మీద కుంకుమ కనబడింది.

తాత పోయిన పదోనాడు చుట్టాలు అవ్వ గాజులు పగలగొట్టారు. నుదురు తుడిచారు. ఆమె పెట్టిన గడప బొట్లు కడిగారు. కారు నట్లు కూడా వదలకుండా కడిగారు. గోడవైపుకు మాత్రం వాళ్ళ లావాటి చేతులు దూరలేదు. వెనక చక్రంవి తర్వాత వానకు పోయాయి. ఈ చక్రంవి నాలుగు, ఊడదీసినవాళ్ళ వేళ్ళకు ఇప్పుడే చెరిగిపోయాయి. ముత్తైదువుగా అవ్వ పెట్టిన బొట్టు లోకం మొత్తం మీద ఆ ఒక్క నట్టు మీద మిగిలింది. నేను తేరిపార చూశానని అవ్వకు తెలిసింది. "నా చేతిది గిదొక్కటే ఉన్నది బిడ్డా" అంది నాకొక్కదానికే వినబడేట్టు. నా నవ్వంతా ఎక్కడికి పోయిందో. అవ్వను పట్టుకుని ఏడ్చాను. మేం దేనికి ఏడుస్తున్నామో అక్కడ ఎవరికీ తెలియదు. బాపుకు కూడా తెలియదు.

ఎండ ఏటవాలయింది. అవ్వ చాలాసేపు సమ్మన్న చేతిలోని కుండ వంక చూసింది. తర్వాత లేచి, తెల్లచీర కొంగు తీసి నట్టును తుడిచింది. నట్టు నల్లగా బయటపడేదాకా తుడిచి, "కొట్టు" అంది ఓదేలుతో. అతను రేకు అడ్డం పెట్టి పానాను దిగ్గొట్టాడు. గొట్టం తొడిగాడు. తొక్కడానికి ఇద్దరు ముందుకొస్తే అవ్వ వారించి, సమ్మన్న భుజం ఒక చేత్తో, నా భుజం ఒక చేత్తో పట్టుకుని తనే గొట్టం చివర ఎక్కి నిలబడింది. నలభై అయిదు కిలోలు కూడా లేని మనిషి. నట్టు కదల్లేదు.

అవ్వ వంగి, తాతతో మాట్లాడినట్టే మాట్లాడింది. "చాలు. మస్తు బిగిచ్చిండ్రు. ఇగ ఇడిసిపెట్టుండ్రి."

ఆమె అన్నది నట్టుతోనో కుండతోనో నాకు తెలియదు. కిర్రుమని పెద్ద చప్పుడయింది. గొట్టం కిందికి దిగింది, అవ్వ మా ఇద్దరి మీదా వాలిపోయింది, సమ్మన్న పడుతూ కూడా కుండను నేలకు తగలనివ్వలేదు. రెండువందల మంది ఒక నట్టు కోసం అంత గట్టిగా జై కొట్టడం నేను మళ్ళీ వినలేదు. మహదేవపూర్ దాకా ఇంకో మూడుచోట్ల ఆపారు. చిట్టీ చూసి పంపారు. కాళేశ్వరం చేరేసరికి పొద్దు నీళ్ళకు నిలువెత్తున ఉంది. తాతను చేమంతిదండతో సహా గంగలో కలిపాం. అవ్వ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. నట్టు ఆమె కొంగుముడిలో ఉంది. ఆ తర్వాత మా కారు ఆ చక్రానికి నాలుగు నట్లతోనే తిరిగింది, ఏమీ ఊడలేదు. మరుసటి నెల మానుకోట తాత పరామర్శకొచ్చి కథంతా విన్నాడు. "అరె, మా ఇంట్ల మంచి పానా ఉండె గద. అడిగితే ఇయ్యకపోదునా!" అన్నాడు. అందరం టీ తాగాం.

మొన్న భూపాలపల్లి వైపు వెళ్తుంటే టైరు పంక్చరయింది. ఇప్పుడక్కడ బొగ్గు గనులు, పెద్ద రోడ్డు. టైర్ల షాపతను గన్ను పెట్టి బుర్రుమనిపించాడు. అయిదు నట్లు నేను చెప్పులు వేసుకునేలోపు ఊడాయి. రాష్ట్రం వచ్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి. రాష్ట్రం వచ్చిన రోజు టీవీలో ముసలివాళ్ళ ముఖాలన్నిట్లో సమ్మన్న కోసం వెతికాను, కనబడలేదు. నాలుగేళ్ళ కింద మా ఆయన పోయారు. నా బొట్టు తుడుస్తామని ఎవరూ రాలేదు, వస్తే ఊరుకునేదాన్ని కాదు. పొద్దున అద్దం ముందు బొట్టు పెట్టుకుంటూ అవ్వకు ఈ మాత్రం కూడా దక్కలేదే అని ఎన్నిసార్లు బాధపడ్డానో.

ఆ రోజు రోడ్డు మీద అవ్వ ఈ నట్టును మరక మిగలకుండా తుడిచింది. నా కళ్ళతో చూశాను. మరి చింతపండుతో ఒక్క రుద్దు రుద్దగానే నా వేలికి ఎర్రగా అంటింది ఏమిటి? వాసన చూశాను. కుంకుమ. గోరు ఆనిస్తే పొర కింద పొర. గంగ నుంచి వచ్చాక అవ్వ పద్దెనిమిదేళ్ళు బతికింది. శుక్రవారం పొద్దున గడప కడగడం మా అమ్మ వంతయింది, అవ్వ కాసేపు తన గది తలుపు దగ్గరికి వేసుకునేది. "ఏం చేస్తున్నవవ్వా?" అంటే, "ఏం లేదు పో, నీ పని చూస్కో" అని లోపల్నుంచి కసిరేది. పద్దెనిమిదేళ్ళ శుక్రవారాలు. ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

చింతపండు నీళ్ళు పారబోశాను. నట్టును మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టాను. రుద్దినచోట నా భరిణెలోని కుంకుమే ఇంత తీసి పెట్టి, మళ్ళీ అవ్వ భరిణెలోనే ఉంచాను. మూత మాత్రం గట్టిగా బిగించలేదు.